ఆమె పేరు మీద నా కానుపు

నాకు ఏడో నెల పడంగనే కాళ్లు ఉబ్బినయ్. మొదలు అందరికీ అయ్యేదే అనుకున్న. పొద్దంతా నిలబడి పని చేస్తే ఉబ్బుతయ్, పండుకుంటే తగ్గుతయ్ అని పక్క గుడిసెలోళ్లు కూడా అన్నరు. తెల్లారినా తగ్గలే. ఒకనాడు కాలి మెట్టెలు తీద్దామంటే రాలే. సబ్బు నురుగు రాసి మా ఆయన గుంజితే తోలు లేచింది గని మెట్టె కదల్లే. వారం తిరగకముందే మొకం కూడా ఉబ్బింది. అద్దంల చూసుకుంటే ఎవరో పెద్దమనిషిని చూసినట్టు ఉండె. అప్పటికి నాకు పంతొమ్మిదేండ్లు.

అరవయ్యో దశకం ఆఖరు అది. గోదావరిఖనిల బొగ్గుబాయిలకు దిగే ఇంక్లైను వెనకాల గుడిసెల వరుసల ఉండేటోళ్లం. మా ఆయన రామగిరి దిక్కు పల్లె నుంచి వచ్చి కాంట్రాక్టరు కింద బొగ్గు ఎత్తే పనిల చేరిండు. కంపెనీ రోల్ మీద పేరున్నోళ్లకు క్వార్టరు ఉండేది, దవాఖాన బుక్కు ఉండేది. మాకు రెండూ లేవు. ఆ బుక్కు అరచెయ్యంత ఉంటది. అందుల పనిచేసే మనిషి పేరు, పెండ్లాం పేరు, పిల్లల పేర్లు రాసి ఉంటయ్. అది చూపెడితే మందులు, మంచం, ఆపరేషన్ అన్నీ కంపెనీయే చూస్తది. అది లేనోళ్లకు గేటు కాడనే నమస్తే.

మా వరుసల కానుపులన్నీ ఒక మంత్రసాని అవ్వ చేసేది. ఎవరు పిలిచినా పోయేది, చీర పెడితే తీసుకునేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఆమెను పిలిపించుకున్న. వచ్చి నా ముందు గొంతుకూర్చున్నది. నా కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగ ఒత్తి తీసింది. ఒత్తిన కాడ గుంట పడ్డది. ఇద్దరం ఆ గుంటనే చూసుకుంట కూర్చున్నం. అది ఎంతసేపటికీ నిండలే.

"నెత్తి నొస్తుందా బిడ్డా?"

"రోజూ నొస్తనే ఉన్నది అవ్వా."

"కండ్ల ముందు మిణుగురులు గిట్ల కనబడుతున్నయా?"

"ఇంక లేదు."

అవ్వ లేచి కొంగు దులుపుకున్నది. "నీ కానుపు నేను చెయ్య. ఏ డాక్టరు దగ్గరికన్న పో. జల్ది పో" అన్నది.

ఆమె అట్ల అనంగ నేనెప్పుడూ వినలే. ఎందుకన్నదో మాత్రం నాకు తెలుసు. అంతకుముందు వానాకాలంల మా వరుస చివరి గుడిసెల ఒకామెకు నొప్పుల మీదనే ఫిట్స్ వచ్చినయ్. గుర్రపువాతం అన్నరు. పండ్లు గిట్టకరుచుకుంటే నాలుక తెగుతదని అవ్వ తన వేలు అడ్డం పెట్టింది. మంచం మీద పండబెట్టి మోసుకపోతుంటే ఆమె దవాఖాన దాకా కూడా దక్కలే. నా కాలు ఒత్తిన బొటనవేలు మీద ఆ పండ్ల గాట్లు ఉన్నయ్.

బజార్ల సూదులేసే డాక్టరు ఒకాయన ఉండె. రక్తం తక్కువున్నది అన్నడు, ఒక సూది ఏసిండు, ఎర్ర టానిక్ సీసా చేతిల పెట్టిండు. కాళ్లు చూపెడితే, "మొదటి కానుపు కదా, ఫికర్ చెయ్యకు" అన్నడు. నేను ఆ మాట పట్టుకొని నాలుగు రోజులు ధైర్యంగ ఉన్న. ఐదో రోజు తలనొప్పికి కండ్లు తెరవలేకపోయిన.

మా ఆయన పని ఎగ్గొట్టి కంపెనీ దవాఖానకు తీస్కపోయిండు. చిట్టీలు రాసే కిటికీ కాడ ఒక పెద్దాయన ఉండె, ఇంట్ల దక్కనీ మాట్లాడే మనిషి. నన్ను చూడంగనే కుర్చీల నుంచి సగం లేచిండు.

"బుక్కు ఏదీ?"

"లేదు సాబ్. కాంట్రాక్టుల చేస్తున్న" అన్నడు మా ఆయన.

ఆయన మా ఎనక ఉన్న లైను దిక్కు చూసిండు. "క్యా కర్నా బేటీ, బుక్కు లేకుండ నేను చిట్టీ రాస్తే రేపు నన్ను అడుగుతరు. కరీంనగర్ సర్కారు దవాఖానకు పో. అక్కడ బుక్కు అడగరు. ఇయ్యాల్నే పో."

మేము తెల్లారి పోయినం. బసంత్‌నగర్ కాడ సిమెంటు లారీలు అడ్డంపడి బస్సు చానా సేపు ఆగింది. ఆ తెల్ల దుమ్ముల నాకు ఊపిరాడక కిటికీకి నెత్తి ఆనిచ్చి కూర్చున్న. దవాఖానల లేడీ డాక్టరు లీవుల ఉన్నదని చెప్పిన్రు. నర్సు చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది. మళ్లొకసారి చూసింది. "మంచాలు లేవు. వరండాల చాప ఏసుకొని పండుకో. డాక్టరమ్మ ఎల్లుండి వస్తది. ఇంటికి మాత్రం పోకు" అన్నది.

వరండా నిండ ఆడోళ్లే. ఒకామె గోడకు తిరిగి మూలుగుతున్నది. ఆమె పక్కన తడి బట్టల మూట ఉన్నది, దాని మీద ఈగలున్నయ్. నాకు బుగులు పుట్టింది. ఇక్కడ ఉంటే సచ్చిపోత, ఇంటికి పోదాం పా అని ఏడ్చిన. మా ఆయనకు ఏం తోచలే. నర్సు చూడకుండ బయటికొచ్చినం. ఎవరి తప్పూ లేదు, ఆ నర్సు చెప్పింది కరెక్టే. లేచొచ్చింది నేను.

గుడిసెలకు నీళ్లు లేవు. రోడ్డుకు అవతల క్వార్టర్ల నల్లాల కాడ పట్టుకునేటోళ్లం. కొందరు తిట్టేటోళ్లు. ఒక్కామె మాత్రం తన నల్లా కాడికి నన్ను పిలిచి బిందె ఎత్తిచ్చేది. ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె ఇంటాయనను బావా అనేదాన్ని. బావ బొగ్గుబాయిల పర్మినెంటు. పెండ్లయి తొమ్మిదేండ్లయినా వాళ్లకు పిల్లలు కాలే. ఆ సంగతి అక్క ఎన్నడూ ఎత్తేది కాదు, నేనూ అడగకపోయేదాన్ని.

కరీంనగర్ నుంచి వచ్చిన తెల్లారి బిందె తీసుకొని పోతే అక్క నా మొకం చూసి బిందె గుంజుకున్నది. అరుగు మీద కూర్చోబెట్టి అన్నీ అడిగింది. చెప్పిన. అంత విని అన్నది, "నా బుక్కు మీద పోదాం."

నాకు అర్థం కాలే.

"బుక్కుల నా పేరున్నది. ఫోటో లేదు. నన్ను ఆ దవాఖానల చూసినోళ్లు ఎవరు? నువ్వు నేననుకో. నేను నీ అక్కననుకో."

లోపల బావ అన్నం తింటున్నడు. చెయ్యి ఆగింది. "ఎరుకపడితే నా నౌకరి పోతది" అన్నడు.

"పోతే పోతది. పిల్ల సచ్చిపోతది, చూస్త కూర్చుంటవా?"

బావ చెయ్యి కడుక్కొని డ్యూటీకి పోయిండు. పోయేముందు అర్రల గూట్లె నుంచి బుక్కు తీసి గడప మీద పెట్టిండు. నా చేతికి ఇయ్యలే, అక్క చేతికి ఇయ్యలే.

రెండు రోజులు అక్క నాకు పాఠం చెప్పింది. ఆమె పేరు, బావ పేరు, బావ టోకెన్ నంబరు, వాళ్ల ఊరు, ఎన్నేండ్లకు పెండ్లయింది. నేను తప్పు చెప్తే మళ్ల చెప్పిచ్చేది. అప్పుడే ఒకటి కనిపెట్టిన. అక్క కొంగు ముందటికి దించి, పొట్ట మీద మడతలు మడతలుగ కట్టుకుంటున్నది. నడిచేటప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకుంటున్నది. వెనక లైనుల ఒకామె, "ఎన్నో నెల?" అని అడిగితే నవ్వి లోపలికి పోయింది. ఎవరికన్న అనుమానం రాకుండ చేస్తుందనుకున్న. అట్ల అనుకుంటేనే నాకు మంచిగుండె. ఆ బుక్కు నాకు కావాలె, అందుకే ఏం అడగలే.

దవాఖానల ఆమె పేరు పిలిచిన్రు. నేను లేవలే. రెండోసారి పిలిచేటాలకు అక్క నా డొక్కల పొడిచింది. చిట్టీల కిటికీ కాడ ఆ పెద్దాయనే ఉన్నడు. బుక్కు చూసిండు, నన్ను చూసిండు. పెన్ను ఒక్క గడియ ఆగింది. తర్వాత తల ఎత్తకుండ రాసిచ్చిండు.

లేడీ డాక్టరు బీపీ చూసి నన్ను ఇంటికి పంపలే. కిటికీకి పరదా కట్టిన గదిల మంచం ఇచ్చిన్రు. ఉప్పు లేని అన్నం, గోలీలు, ఎడమ దిక్కు తిరిగి పండుకునుడు. నర్సులు నన్ను ఆమె పేరుతోటే పిలిచేటోళ్లు. నాలుగైదు రోజులకు నేను ఆ పేరుకు టక్కున పలకబట్టిన. అదే నాకు భయమైంది.

మొగోళ్లు వచ్చే టైముల బావ వచ్చేటోడు. మొగడు కదా, రాకపోతే అడుగుతరు. పక్కన స్టూలు మీద కూర్చొని నేల చూసుకుంట, "ఎట్లున్నవ్?" అనేటోడు. "మంచిగున్న" అనేదాన్ని. ఇంక మాట ఉండేది కాదు. నర్సులు, "భార్యతోటి గింత సిగ్గేంది?" అని నవ్వేటోళ్లు. మా ఆయన బయట సైకిళ్లు పెట్టే కాడ నిలబడి ఉండేటోడు. లోపలికొచ్చి నన్ను చూసేందుకు ఆయన దగ్గర ఏ పేరూ లేదు.

తొమ్మిదో నెల సగంల ఒక పగటిపూట, అన్నం తిని పండుకున్న. పరదా అంచు మీద నిప్పురవ్వల లెక్క ఏవో మెరిసినయ్. అక్కా అని పిలుద్దామనుకున్న. నోటికి ఆమె పేరొచ్చింది. అంతే, ఆ తర్వాత నాకేం తెల్వదు.

సోయి వచ్చేటాలకు రెండు రోజులు గడిచినయ్. నోట్లె రక్తం రుచి. నాలుక మందంగ వాచి ఉన్నది. పెయ్యంత కట్టెల తోటి కొట్టినట్టు ఉన్నది. కండ్లు తెరిస్తే మసక మసకగ అక్క కనబడ్డది. కుర్చీల కూర్చున్నది, చేతులల్ల తెల్ల బట్ట మూట. దాన్ని చూసుకుంట ఏదో గొణుగుతున్నది. నేను లేచిన సంగతి ఆమెకు తెల్వదు.

"అక్కా" అన్న.

ఉలిక్కిపడి మూటను గుండెకు అదుముకున్నది. ఒక్క గడియనే. తర్వాత వంగి చూపెట్టింది. "ఆడపిల్ల. మంచిగున్నది. మన బిడ్డ మంచిగున్నది."

నాకు ఫిట్స్ వచ్చినంక డాక్టరు కాయితం తెచ్చిందట, తల్లికి బిడ్డకు ఏమైనా మాది జిమ్మేదారి కాదని. బావ సంతకం పెట్టిండు. మా ఆయన బయటనే ఉన్నడు. నేను ఆనాడు పోయి ఉంటే అక్క సచ్చిపోయిందని రాసేటోళ్లు. నన్ను ఏ పేరుతోటి కాలబెట్టేటోళ్లో నాకు తెల్వదు.

ఇంటికి పంపిన రోజు రిక్షా మా గుడిసెల దిక్కు తిరగలే. అక్క క్వార్టరు ముందట ఆగింది. "ఆ పొగల పసిగుడ్డు ఎట్లుంటది? నీకూ చాతకాదు. కొన్ని రోజులు ఈడ ఉండనీ" అన్నది. మా వరుసల ఇంటింటి ముందు బొగ్గు కుప్ప పోసి కాలబెట్టేటోళ్లు, పొగ పోయినంక పొయ్యిల వాడుకునేందుకు. పొద్దందాక పొగే. ఆమె చెప్పింది అబద్ధం కాదు. నేను గుడిసెల పండుకొని, పాలియ్యడానికి రోడ్డు దాటి పోయేదాన్ని. పోయినప్పుడల్ల బిడ్డ స్నానం చేసి, కాటుక పెట్టుకొని, కొత్త అంగీల ఉండేది. ఆ అంగీలు ఒక్కరోజుల కుట్టినయి కాదు.

ఇరవయ్యొక్క రోజులు నిండినంక తీస్కపోత అన్న. అక్క తలుపు కాడ నిలబడి మెల్లగ అన్నది, "తీస్కపోయి ఏం చేస్తవ్? జరమొస్తే ఏ దవాఖానకు పోతవ్? బుక్కుల దీని పేరు ఎక్కింది. నా బిడ్డ అని ఎక్కింది. నా దగ్గరుంటే బతుకుతది."

ఆమె గుంజుకుంటున్నదని లొల్లి పెడదామంటే, ఆమె అన్నదాంట్ల తప్పు దొరకలే.

ఇంక పది రోజులు చూసిన. ఒక పగలు అక్క బట్టలు ఆరేస్తుంటే లోపలికి పోయి బిడ్డను ఎత్తుకొని రోడ్డు దాటిన. అక్క తడి చేతులతోటే ఉరికొచ్చింది. గుడిసెలోళ్లంత బయటికొచ్చి చూస్తున్నరు. అందరికీ వినబడకుండ అన్నది, "బుక్కుల బిడ్డ నాది."

నేనన్న, "గేటు కాడికి పోయి అంత చెప్త. బావ నౌకరి ఉంటదా?"

బతికినన్ని రోజులల్ల నేను అన్న మాటలల్ల అంత పాడు మాట ఇంకొకటి లేదు. నన్ను బతికిచ్చినోళ్లను అన్న ఆ మాట. అక్క మొకం బూడిద లెక్క అయింది. మొదటి షిఫ్టు దిగి వస్తున్న బావ ఆడికొచ్చిండు, మొకం ఇంక నల్లగనే ఉన్నది. ఎవరు చెప్పకున్నా అర్థమైంది ఆయనకు. పెండ్లాం చెయ్యి పట్టుకొని, "పా ఇంటికి" అన్నడు. ఆమె కదల్లే. "సంతకం నేను పెట్టిన. ఆ కాయితం మీద సంతకం పెడుతుంటే నువ్వే పోతున్నవనిపించింది నాకు. నాకు నువ్వు చాలు, పా" అన్నడు. అప్పుడు కదిలింది.

పన్నెండు రోజులు మాటల్లేవు. నేను వేరే నల్లాకు పోయి తిట్లు పడుకుంట నీళ్లు తెచ్చుకున్న. పదమూడో రోజు బిడ్డకు జరం. డొక్కలు ఎగరేస్తున్నది, పాలు పట్టదు. సూదుల డాక్టరు ఊళ్లె లేడు. బిడ్డను చేతులల్ల పెట్టుకొని గుడిసె ముందు అటిటు తిరిగిన. ఇంకెక్కడికి పోవాలె? రోడ్డు దాటి అక్క తలుపు కొట్టిన. ఆమె బిడ్డ డొక్కలు చూసింది. బుక్కు తీసుకొని చెప్పులేసుకున్నది.

దవాఖాన బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నం. బిడ్డ పేరు, తల్లి పేరు పిలిచిన్రు. నేను అక్క దిక్కు చూసిన. ఆమె బిడ్డను ఎత్తుకొని లోపలికి పోతే ఆపేటోళ్లు ఎవరూ లేరు. ఆమె మోచేత్తోటి నన్ను నెట్టింది.

"నిన్నే పిలుస్తున్నరు. లే" అన్నది.

బిడ్డ బతికింది. ఆ తర్వాత జరమొచ్చినా, దగ్గొచ్చినా, టీకాలకైనా అట్లనే పోయినం. అక్క పేరు మీద నేను లోపలికి, అక్క బెంచీ మీద. పోయిన ప్రతిసారి ఎవరన్న గుర్తుపడుతరేమోనని కొంగు మొకం మీదికి గుంజుకునేదాన్ని.

నాలుగేండ్లకు మా ఆయన పేరు రోల్ మీదికెక్కింది. మాకూ బుక్కు వచ్చింది, అందుల నా పేరున్నది. ఆ ఏడే మళ్ల నీళ్లోసుకున్న. నా సొంత పేరు మీద దవాఖానకు పోతున్న అని సంబరపడాలె. పడలేకపోయిన. అక్క నా ఎంబడి వచ్చింది. అప్పటికి లేడీ డాక్టరు మారింది, కొత్తామె. కాయితం ముందట పెట్టుకొని అడిగింది, "మొదటి కానుపా?"

నాకు ఫిట్స్ వచ్చిన సంగతి దవాఖానల రాసున్నది గని అది అక్క కాయితాలల్ల ఉన్నది. అవునంటే నన్ను అందరిలెక్క చూసి పంపిస్తరు. కాదంటే ఎక్కడైంది, ఏ డాక్టరు చేసింది అని అడుగుతరు. బావ నౌకరి కండ్ల ముందు కనబడ్డది. అవునని చెప్పేందుకు నోరు తెరిచిన.

"కాదమ్మా" అన్నది అక్క ఎనక నుంచి. "రెండోది. మొదటిదాంట్ల ఫిట్స్ వచ్చినయ్, రెండు రోజులు సోయి లేదు. అది ఈ దవాఖానలనే అయింది. నా పేరు మీద అయింది."

డాక్టరు పెన్ను పెట్టేసింది. లేచిపోయి తలుపు దగ్గరికేసి వచ్చింది. మా ఇద్దరిని మార్చి మార్చి చూసింది. కింద బాయిల మందు పేలిస్తే బల్ల మీది గాజు సీసాలు గలగల అన్నయ్.

"ఎంత మందికి తెలుసు?" అని అడిగింది.

"మా నలుగురికే" అన్నది అక్క.

"మొదటి కానుపు బయట అయింది, ఫిట్స్ వచ్చినయ్ అని రాస్తున్న. ఎక్కడ అని నేను అడగలే, మీరు చెప్పలే. ఇంకెక్కడా చెప్పకున్రి" అని రాసుకున్నది. బీపీ చూస్తే అప్పటికే ఎక్కువున్నది. నెల రోజులు ముందు నుంచే దవాఖానల ఉంచుకొని, ఆపరేషన్ చేసి రెండో ఆడపిల్లను తీసింది. ఫిట్స్ రాలే. కాయితం మీద ఈసారి మా ఆయన సంతకం పెట్టిండు. లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకొని ఊకెనే కూర్చున్నడు.

పెద్దబిడ్డను మాత్రం మా బుక్కుల ఎక్కియ్యలేకపోయినం. పుట్టిన చిట్టీ తెమ్మన్నరు, చిట్టీల తల్లి వేరు. తర్వాత బావకు రామకృష్ణాపూర్ బదిలీ అయింది. బిడ్డ పేరున్న బుక్కు కూడా వాళ్లతోటి గోదావరి దాటిపోయింది. దానికి తొమ్మిదో ఏట టైఫాయిడ్ పట్టుకుంటే అక్కడికే పంపాల్సొచ్చింది. చిన్నదాన్ని ఇడిచి నేను పోలేకపోయిన. ఇరవై రోజులు అక్క దాని మంచం కాడ తల్లిగ ఉన్నది. ఆ ఇరవై రోజులు నాకు రెండు భయాలుండె. బిడ్డ బతకదేమోనని ఒకటి. రెండోది నేను ఎవరికీ చెప్పలే.

అక్కనే బస్సుల తీసుకొచ్చింది. బిడ్డ నెత్తి మీద ఎంటికలన్నీ ఊడిపోయి పక్షిపిల్ల లెక్క ఉన్నది. దాని చెయ్యి నా చేతిల పెట్టి చెప్పింది, "బుక్కుల నుంచి దీని పేరు తీసేయమని ఆఫీసుల అడిగిన. ఊకెనే తియ్యరట. సచ్చిపోయిందని రాయాలె, లేకుంటే పెండ్లయిందని రాయాలె అన్నడు గుమస్తా. నేను వాపసొచ్చిన."

అన్నం తిని పొమ్మన్న. బస్సు పోతదని ఉండలే.

పెద్దదానికి పెండ్లయిన ఏడు బావ ఆఫీసుకు పోయి పేరు తీసేయించిండు.